మేడికోట ముట్టడిలో మస్తాన్‌బీ మృతి

పక్క జిల్లాలోని ఒక ఆఫీసులో మూడేళ్ళపాటు ఒక జాతీయ నాయకుడి జయంతికీ, వర్ధంతికీ దండలు వేసి, ఉపన్యాసాలిచ్చిన ఫోటో ఆ నాయకుడిది కాదనీ, ఫోటోలకు ఫ్రేములు కట్టే షాపతని మామగారిదనీ తేలింది. మూడో వర్ధంతికి మామగారే స్వయంగా వచ్చి, తన ఫోటో ముందు రెండు నిమిషాలు మౌనం పాటించి, పులిహోర పొట్లం తీసుకున్నాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

ప్రభుత్వం వెంటనే మేలుకుంది. నెల తిరక్కుండా అన్ని ఆఫీసులకూ ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రభుత్వ భవనముల గోడలపై గల చిత్రములలో కనిపించు ప్రతి వ్యక్తి యొక్క పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, చేసిన దేశసేవ చిత్రము క్రింద వ్రాయవలెను. వివరములు లభించని వ్యక్తులను పదిహేను దినములలోగా గోడలపై నుండి తొలగించవలెను.

మంచి సర్క్యులరే. నేను మేడికోట మ్యూజియంలో పంతొమ్మిదేళ్ళుగా సీనియర్ అసిస్టెంటుని. చెడ్డ సర్క్యులర్ నేనింతవరకు చూడలేదు.

చిక్కల్లా మా మ్యూజియంలో ఫోటోలు లేకపోవడం దగ్గర వచ్చింది. మాకున్నది ఒక్కటే బొమ్మ. పెద్ద హాల్లో పడమటి గోడంతా, ముప్ఫై అడుగుల పొడుగున వేసిన రంగుల బొమ్మ. మూడు వందల ఏళ్ళ కిందట మా ఊరి కోటను శత్రువులు ఆరు నెలలు ముట్టడించారు. గోడలో ఎడమ సగం ఆ ముట్టడి, కుడి సగం ముట్టడి తొలగిపోయాక ఊరు. వేసింది హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మార్కండేయులు గారు. ఎనిమిదో తరగతిలో నాకు మామిడికాయ గీయడం నేర్పబోయి విరమించుకున్నది ఆయనే.

అప్పట్లో ఉన్న పెద్ద ఆఫీసరు ఆయన్ను పిలిచి, ఏనుగు మీద కోట దొరగారినీ, చుట్టూ సైన్యాన్నీ వేయమన్నారట. మాస్టారు సరేనన్నారు. ఆయన బొమ్మ మొదలుపెట్టేసరికి ఆఫీసరుకు బదిలీ అయింది. ఇక అడిగేవాళ్ళు లేరు. దొరగారు బురుజు మీద చింతగింజంత కనబడతాడు. ఆయన పక్కన సేనాపతి పెసరగింజంత. కోట తలుపుకు ఆనుకుని ఒక ఏనుగు, పక్కన రెండు గుర్రాలు. కింద, మనిషి ఎత్తున, ఊరి జనం. రాళ్ళు మోసే ఆడవాళ్ళు, గాయాలకు పసుపు అద్దే మంత్రసాని, శత్రువుల మీద పోయడానికి గంజి కాచే ముసలామె, దెబ్బతిన్నవాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తే చాకలి, బావి దగ్గర బిందె ఎత్తుకుంటున్న ఒకావిడ. ముట్టడి కాబట్టి అందరూ కోటలో కిక్కిరిసి ఉంటారు. కుడి వైపున ఎవరిళ్ళకు వాళ్ళు పోయినట్టు కొద్దిమందే ఉంటారు. దుక్కి దున్నేవాళ్ళు కొందరు, సంతలో బేరమాడేవాళ్ళు కొందరు, నిండు చూలాలొకతె. మిగిలిందంతా ఖాళీ పొలం, ఆకాశం.

సర్క్యులర్ అమలుకు మా ఉపసంచాలకులు శ్రీ చక్రధరరావు గారు జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. ఆయన మాట్లాడితే ఫైలు చదివినట్టుంటుంది. బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు.

"పట్టాభీ, ఇందులో ఎంతమంది వ్యక్తులు విద్యమానులై ఉన్నారు?"

"లెక్కపెట్టలేదు సార్."

"ఇంతకాలము వీరితో సహజీవనము చేసియూ లెక్కించలేదా? తక్షణమే గణన చేపట్టవలెను."

మూడు రోజులు గణన చేపట్టాం. మొదటిరోజు తొంభై నాలుగొచ్చింది. రెండో రోజు తొంభై నాలుగూ, ఒక చెయ్యీ వచ్చింది. బురుజు చాటు నుంచి మోకు పట్టుకుని లాగుతున్న చెయ్యి అది. మనిషి కనబడడు. చెయ్యిని వ్యక్తిగా పరిగణించాలా అని సార్‌ని అడిగితే, "చేయి వ్యక్తికి సూచనప్రాయము. పాక్షికమని నమోదు చేయుము" అన్నారు. మూడో రోజు ఆయన దృష్టి చూలాలి మీద పడింది. కడుపులోని బిడ్డను చేర్చాలా వద్దా అని జిల్లా వైద్యాధికారికి లేఖ రాశాం. గోడకు స్కానింగు చేయు సదుపాయము తమవద్ద లేదని వైద్యాధికారి జవాబిచ్చారు. బిడ్డ విషయం పెండింగులో పెట్టాం.

పేర్ల కోసం చరిత్ర ప్రొఫెసరు ఒకరిని పిలిపించాం. ఆయన కోట గుమ్మం దగ్గరి శాసనం నాలుగు గంటలు చదివారు. శాసనంలో ఐదు పేర్లున్నాయి. దొరగారిది, సేనాపతిది, నీలవేణి, సుడిగాలి అనే రెండు గుర్రాలవీ, లక్కమ్మ అనే ఏనుగుదీ.

"మిగతావాళ్ళ పేర్లు?" అన్నాను.

"చరిత్రలో మిగతావాళ్ళు ఉండరండీ" అని చెప్పి ఆయన భోజనానికి వెళ్ళారు.

సార్ ముఖం వికసించింది. గుర్రాలకూ, ఏనుగుకూ ఇత్తడి పలకలు చేయించాం. లక్కమ్మకు దేశసేవ గడిలో "కోట తలుపులు తెరుచుకొనకుండా ఆరు మాసములు ఆనుకొని నిలుచుట" అని రాశాం. దొరగారికి ఏం రాయాలో శాసనంలో సరిగా లేదు. "ఏనుగును కలిగియుండుట" అని రాశాం.

"ఇక మిగిలిన తొంభై ఇద్దరినీ, చేయినీ తొలగించుటయే తరువాయి. సున్నము తెప్పించుము" అన్నారు సార్. "గుర్రములు, గజము, దుర్గము ఉన్నచో చరిత్రకు ఏ లోపమూ రాదు."

ఈ సంగతి తెలిసి మార్కండేయులు మాస్టారు సైకిలు మీద వచ్చారు. అరవై ఐదేళ్ళ మనిషి. సన్నగా, చొక్కా జేబు నిండా పెన్సిళ్ళతో ఉంటారు. గోడకు వీపు ఆనించి నిలబడ్డారు.

"నాలుగేళ్ళు పట్టింది సార్ ఇది వెయ్యటానికి. ఒక్కొక్క మొహానికి పది రోజులు కూర్చున్నా. ఇంతమందినీ చంపుతానంటే ఎట్టా?"

"మాస్టారూ, చంపుట కాదు. తొలగింపు. వీరు గుర్తు తెలియని వ్యక్తులు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక సార్‌కే ఏదో తట్టింది. గుర్తు తెలియని వ్యక్తులు ఎక్కడ కనబడినా ముందుగా పోలీసులకు తెలియజేయాలని ఇంకో పాత ఉత్తర్వుంది. ఒక ఉత్తర్వును అమలు చేయబోయి ఇంకో ఉత్తర్వును తొక్కేస్తే తాఖీదు వస్తుంది. సున్నం బస్తాలు వరండాలో పెట్టించి, స్టేషనుకు ఫిర్యాదు రాయించారు.

ఎస్సై బాజీబాబు వచ్చి బొమ్మ చూసి టోపీ తీశాడు.

"తొంభై ఇద్దరా? మా స్టేషన్ చరిత్రలో ఇంత పెద్ద కేసు లేదు సార్. ఎప్పుడు కనబడ్డారు ఆఖరిసారి?"

"మూడు శతాబ్దముల పూర్వము" అన్నారు సార్.

"మరి ఇంత ఆలస్యంగానా ఫిర్యాదు?" అని ఎస్సై నావంక అనుమానంగా చూశాడు. అయినా కేసు కట్టాడు. మొహాలన్నిటికీ ఫోటోలు తీయించి, "ఈ క్రింది వ్యక్తులను గుర్తించినవారు పోలీసులకు తెలుపగలరు" అని నోటీసులు వేయించి బస్టాండులో, రైతుబజారులో, ఆసుపత్రి గోడ మీదా అంటించాడు.

మర్నాడు పొద్దున మ్యూజియం తలుపు తీసేసరికి గుమ్మంలో మస్తాన్‌బీ నిలబడి ఉంది. బస్టాండు పక్కన టీకొట్టు నడిపే మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఊరికంతటికీ టీ పోస్తోంది. ఆమె చేతిలో పోలీసు నోటీసు ఉంది.

"ఇదేందయ్యా పట్టాభీ? గోడ మీద గంజి కాసే ముసల్దాని మొహం నాది. గుర్తు తెలీదంటారేంది? పొద్దున మీ ఎస్సై నా కొట్లో టీ తాగతా, వెనకాల గోడకి నన్నే అంటిచ్చాడే!"

ఆమె వెనకే ఇస్త్రీ బండి యేసుపాదం వచ్చాడు. దెబ్బతిన్నవాణ్ణి మోసే చాకలి అతనే. ఆ వెనక ఇడ్లీలమ్మే నాంచారమ్మ. బొమ్మలో మంత్రసాని ఆవిడే. ఆ తరవాత ఊరు. మాస్టారు ఆ నాలుగేళ్ళూ ఎదురుగా కూర్చోబెట్టుకుని గీసింది వీళ్ళనే. చరిత్రలో లేని మొహాలు ఆయన ఇంకెక్కడి నుంచి తెస్తారు? వారం తిరిగేసరికి యాభై ఐదుగురు వచ్చి, "అది నేనే" అని రాసి సంతకాలు పెట్టి, వేలిముద్రలు వేసి, ఆధార్ కార్డు నకళ్ళు ఇచ్చి వెళ్ళారు. చెయ్యి తమదేనని ఏడుగురు వచ్చారు. చెయ్యిని కూడా పెండింగులో పెట్టాం.

యుద్ధంలో ఉన్నవాళ్ళు యాభై ఆరుగురనీ, వాళ్ళలో ముప్ఫై ఆరుగురు కుడివైపున మళ్ళీ ఉన్నారనీ, అందుకే తొంభై రెండు వచ్చిందనీ అప్పుడు తేలింది. ఒకే వ్యక్తి ఒకే సమయమున రెండు చోట్ల హాజరగుట సర్వీసు నిబంధనలకు విరుద్ధమని సార్ కాసేపు బాధపడ్డారు. ఆ రెండు చోట్ల మధ్య ఆరు నెలలు గడిచిందని మాస్టారు నచ్చజెప్పారు.

యాభై ఆరులో ఒక్కరి కోసం ఎవరూ రాలేదు. బావి దగ్గర బిందె ఎత్తుకుంటున్నావిడ.

"ఈ మహిళ ఎవరు?" అన్నారు సార్.

మాస్టారు జేబులో పెన్సిళ్ళు సర్దుకున్నారు. "మా ఇంటావిడండీ. రాజ్యలక్ష్మి. బొమ్మ సగంలో ఉండగా పోయింది. కుడి వైపున వేద్దామనుకున్నా. చెయ్యాడలేదు."

"మరణ ధ్రువీకరణ పత్రము ఉన్నదా?"

"ఉంది."

సార్ కుర్చీలోంచి లేచారు. పేరుంది, పుట్టిన తేదీ ఉంది, మరణించిన తేదీ ఉంది. సర్క్యులర్‌కు అక్షరాలా సరిపోయే వ్యక్తి గోడ మొత్తం మీద ఆవిడ ఒక్కతే. "ఇట్టి వారే ఆదర్శప్రాయులు" అని ఆయన మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపారు. "దేశసేవ గడిలో ఏమి వ్రాయమందురు?"

మాస్టారు గోడ మీది బిందె వంక చూశారు.

"మా వీధికి కొళాయి రాకముందు ఇరవై రెండేళ్ళు మంచినీళ్ళు మోసిందండీ. మాకూ, పక్కింటి ముసలాళ్ళకీ."

"అది గృహకృత్యము. దేశసేవ క్రిందికి రాదు" అన్నారు సార్. నేను ఆ గడిలో "నీటి సరఫరా" అని రాశాను. ఒక శాఖ పేరులాగా ఉంది కాబట్టి ఆయన ఒప్పుకున్నారు.

వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించడం నా పని. ప్రతి పేరుకూ ఎదురుగా రెండే గళ్ళున్నాయి. జీవించియున్నారు, మృతి. ఏదో ఒకటి నొక్కకపోతే కంప్యూటరు ముందుకు కదలదు. సార్‌ని అడిగాను.

"యోచించి చూడుము. శాంతికాలమున కనబడువారు యుద్ధమును దాటి వచ్చినట్లే కదా? వారు జీవించియున్నారు. యుద్ధమున మాత్రమే కనబడి, పిమ్మట కనబడనివారు?"

"ఇళ్ళల్లో ఉండి ఉంటారు సార్."

"ఇండ్లలో ఉన్నట్లు ఆధారమున్నదా? లేదు. మృతి."

ఆ లెక్కన ముప్ఫై ఆరుగురు బతికారు. పంతొమ్మిదిమంది ముట్టడిలో చనిపోయారు. మరణించిన తేదీ దగ్గర మళ్ళీ ఆగిపోయాం. కంప్యూటరు వెయ్యిన్నీ తొమ్మిదివందలకు ముందు ఎవర్నీ చావనివ్వదు. సార్ అనుమతితో ముట్టడిని రెండు వందల ఏళ్ళు ముందుకు జరిపి, అందర్నీ 1900 జనవరి ఒకటిన చంపాం. ఆధార్ నంబర్లు కొట్టి మీట నొక్కాను. "విజయవంతంగా పూర్తయింది" అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో నాకు ఆ మాట చెప్పింది ఆ కంప్యూటరొక్కటే.

పది రోజులకు మస్తాన్‌బీ మళ్ళీ వచ్చింది. ఈసారి ఖాళీ బియ్యం సంచీతో వచ్చింది.

"రేషను డీలరు నా వేలు మిషను మీద పెట్టించుకుని భయపడి లేచాడు. 'నువ్వు చచ్చిపొయ్యావని వస్తందమ్మా' అన్నాడు. ఎప్పుడంటే, పంతొమ్మిదొందల సంవచ్చరం అంట. మా అమ్మే పుట్టలేదు కదయ్యా అప్పటికి!"

ఆమె వెనక యేసుపాదం, నాంచారమ్మ, ఇంకా పదహారుమంది. అందరి సంచులూ ఖాళీ. తహసీల్దారు ఆఫీసుకు పోతే, "మీ మరణము పురావస్తు శాఖ వారు ధ్రువీకరించినది. వారినే అడగవలెను" అన్నారట. ఆసుపత్రిలో నాంచారమ్మకు బీపీ మాత్రలు ఇవ్వలేదట. పోయినవాళ్ళకు బీపీ ఉండదన్నారట.

సార్ వాళ్ళను కూర్చోబెట్టి, గౌరవంగానే మాట్లాడారు. చనిపోయినవాళ్ళతో అమర్యాదగా మాట్లాడకూడదని ఆయన నియమం.

"అమ్మా, బొమ్మలోని వ్యక్తి మీరేనని మీరే సంతకము చేసితిరి. బొమ్మలోని వ్యక్తి ముట్టడిలో మృతి చెందినది. ఇందు నా దోషమేమి?"

"నేను బతికే ఉన్నాగా? ఎదురుగా నిలబడి మాట్లాడతన్నాగా?"

"మీరు మాట్లాడుట నేను వ్యక్తిగతముగా వినుచున్నాను. అధికారికముగా వినజాలను."

యేసుపాదం ముందుకొచ్చాడు. "పోన్లే సార్. అది నేను కాదని రాసిస్తాం. అప్పుడు బియ్యం ఇస్తారా?"

"ఇచ్చెదరు. అయితే అప్పుడు ఆ వ్యక్తి గుర్తు తెలియనివాడగును. సున్నము సిద్ధముగానున్నది."

అందరూ గోడ వంక తిరిగారు. నేనూ చూశాను. గోడ మీద యేసుపాదం నెత్తుటి మనిషిని భుజాన వేసుకుని ఉన్నాడు. మెడ నరాలు తేలి ఉన్నాయి. వెనక మంటలు. ముట్టడిని అంతవరకూ నేను పలకలకు కొలతలు తీసేటప్పుడే చూశాను.

"అంటే బియ్యం కావాలంటే బొమ్మ పోవాలి. బొమ్మ కావాలంటే పస్తుండాలి. అంతేగా?" అన్నాడు యేసుపాదం.

"సంక్షిప్తముగా చెప్పితివి" అన్నారు సార్.

నాంచారమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా మనవరాలు బళ్ళో పిల్లలందర్నీ తీసుకొచ్చి చూపిచ్చిందయ్యా, మా నాయనమ్మ కోట కాపాడిందని. ఇప్పుడు సున్నం కొట్టారని దానికేం చెప్పను?"

"నేను రాసియ్యను" అంది మస్తాన్‌బీ. "ముప్ఫై ఏళ్ళు టీ పోస్తే నా మొహం చూసినోడు లేడు. ఆ గోడ మీదే చూశారు. బియ్యం లేకపోతే లేకపాయె."

ఒక్కరు కూడా రాసివ్వలేదు. పంతొమ్మిదిమందీ ఖాళీ సంచులు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేను టీకొట్టుకు పోలేదు. ఆమె మొహం చూడలేకపోయాను.

మర్నాడు మాస్టారు వచ్చారు. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు. సార్ ఎదురుగా కూర్చుని చాలా మెల్లగా అడిగారు.

"సార్, నాకు ఒక్కటి చెప్పండి. కుడి వైపున, శాంతిలో ఉన్నవాళ్ళు బతికున్నట్టేగా?"

"నిబంధన ప్రకారము అంతే."

"యుద్ధంలో ఉన్నాక శాంతిలో కూడా ఉంటే?"

"నిస్సందేహముగా జీవించియున్నట్లే."

"అయితే ఆ పంతొమ్మిదిమందినీ నేను అటు పక్కకు తీసుకొస్తాను. ఖాళీ పొలం చాలా ఉంది."

సార్ కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు వెతికారు. అడ్డుపడే ఉత్తర్వు ఒక్కటీ దొరకలేదు. "మృతులను చిత్రలేఖనము ద్వారా పునరుజ్జీవింపజేయరాదని ఎక్కడనూ లేదు" అని ఒప్పుకుని అనుమతి పత్రం ఇచ్చారు. గడువు పన్నెండు రోజులు.

మాస్టారు నిచ్చెన వేసుకుని పనిలోకి దిగారు. రోజుకు ఇద్దరు. మొదట మస్తాన్‌బీ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మస్తాన్‌బీ, యుద్ధం అయిపోయింది. ఏం చేస్తా ఉన్నట్టు వెయ్యమంటావు? కొట్టు పెట్టుకున్నట్టు వెయ్యనా? అప్పట్లో టీ లేదు, మజ్జిగ అనుకో" అన్నారు మాస్టారు.

"ఏం చెయ్యకుండా వెయ్యి."

"అంటే?"

"కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు వెయ్యి మాస్టారూ. ఎవరన్నా తెచ్చి నా చేతికి మజ్జిగ ఇస్తన్నట్టు వెయ్యి. ముప్ఫై ఏళ్ళు నిలబడే ఉన్నా."

మాస్టారు నవ్వి అలాగే వేశారు. యేసుపాదం తనకు మడత నలగని పంచె కావాలన్నాడు. ఊరందరి బట్టలకూ ఇస్త్రీ చేసే తన చొక్కా మీద ఏనాడూ ఇస్త్రీ పెట్టె పడలేదట. నాంచారమ్మ నిద్రపోవాలంది. పట్టపగలు, చెట్టు నీడన, ముసుగు తన్ని. "మొహం కనబడాలమ్మా, లేకపోతే మళ్ళీ గుర్తు తెలియదంటారు" అన్నాను నేను. మొహం వరకు దుప్పటి తీయడానికి ఒప్పుకుంది. గోడ మీద రాళ్ళు మోసిన ఆరుగురు ఆడవాళ్ళూ వరసగా గట్టు మీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ వేయించుకున్నారు. ఎనిమిదో రోజుకల్లా కుడి వైపు పొలం నిండా జనం. కూర్చున్నవాళ్ళు, పడుకున్నవాళ్ళు, ఆకాశం చూసేవాళ్ళు.

తనిఖీకి వచ్చిన సార్ అదిరిపడ్డారు.

"ఇదేమి? శాంతికాలమున ఒక్కరునూ పనిచేయుట లేదే! ప్రజలు సోమరులని ప్రభుత్వ గోడపై ప్రకటింతురా? కనీసము యాభై శాతము శ్రామికులు ఉండవలెను."

మంచె ఎక్కినట్టు నిచ్చెన ఎక్కి నిలబడ్డ మస్తాన్‌బీ కిందికి చూసి చెప్పింది. "ఎడమ పక్క ఆర్నెల్లు చేశాంగా సారూ. ఆ హాజరు వేసుకోండి."

చేసిన పనికి సెలవు ఉంటుందన్నది సార్‌కూ తెలిసిన నిబంధనే. "ఆర్జిత సెలవు" అని గొణుక్కుని ఫైలులో రాసుకున్నారు. చిత్రము క్రింద ఇత్తడి పలక మీద ఇప్పటికీ ఉంది: యుద్ధానంతరము ఆర్జిత సెలవులో ఉన్న ప్రజలు.

పన్నెండో రోజు నేను కంప్యూటరు ముందు కూర్చుని పంతొమ్మిదిమందినీ ఒక్కొక్కరిగా బతికించాను. మర్నాడు రేషను షాపు దగ్గర మిషను ఒప్పుకుంది. మస్తాన్‌బీ బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని నేరుగా మ్యూజియంకు వచ్చి, సంచీ దించి, గోడ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న తనను చూసుకుంది. "బాగుంది ముండ" అని మెచ్చుకుని, సంచీ ఎత్తుకుని కొట్టుకు పోయింది.

ఆ తరవాత హాలు ఊడ్పించడానికి లోపలికి పోయిన నాకు గోడ మీద ఒక కొత్త మనిషి కనబడింది. లెక్కలో పంతొమ్మిదిమందే. ఈమె ఇరవయ్యో మనిషి. కుడి వైపు చివర, ఆరుగురు ఆడవాళ్ళకు కాస్త ఎడంగా, బోర్లించిన బిందె మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎటో చూస్తోంది. పెదవుల మీద ఎవరో ఏదో అంటే నవ్వబోతున్నట్టుంది. రంగు ఇంకా తడిగా ఉంది.

మాస్టారు కింద కూర్చుని బ్రష్షులు కడుక్కుంటున్నారు. తల ఎత్తలేదు.

"అనుమతి పత్రంలో పంతొమ్మిదే ఉన్నాయి మాస్టారూ" అన్నాను.

"తెలుసు పట్టాభీ. సార్ వస్తే సున్నం కొట్టిస్తారు. ఒక్క నాలుగు రోజులుంటే చాలు."

సార్ రెండు రోజుల్లో తుది నివేదిక కోసం వచ్చారు. వచ్చీ రాగానే లెక్కపెట్టారు. ఆయనకు లెక్క తప్పదు.

"ఈమె మృతురాలు కదా? శాంతిభాగమున ఎట్లు ప్రవేశించినది? తక్షణమే..."

"సార్" అన్నాను. పంతొమ్మిదేళ్ళలో ఆయన మాటకు అడ్డు రావడం అదే మొదటిసారి. "శాంతిభాగంలో ఉన్నవారు నిస్సందేహముగా జీవించియున్నట్లేనని తమరే ఫైలులో రాశారు. నూట పద్నాలుగో పేజీ. ఈమెను తీసేస్తే ఆ నిబంధన తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. అప్పుడు మిగతా పంతొమ్మిదిమందీ..."

సార్ నూట పద్నాలుగో పేజీ తీసి చదివారు. తన సంతకం చూసుకున్నారు. తన సంతకం ఎదట ఆయన ఏనాడూ గెలవలేదు.

"అట్లయిన ఈమెను జీవించియున్నట్లు నమోదు చేయుము" అన్నారు బరువుగా. నేను నొక్కాను. విజయవంతంగా పూర్తయింది.

నెల తరవాత మాస్టారు ఒక కవరు తీసుకుని ఆఫీసుకు వచ్చారు. పౌరసరఫరాల శాఖ నుంచి వచ్చింది. శ్రీమతి రాజ్యలక్ష్మి గారు జీవించియున్నట్లు తమ దృష్టికి వచ్చినందున, గత నాలుగేళ్ళుగా కార్డులో పేరు లేనందుకు చింతిస్తూ, పదిహేను రోజులలో స్వయముగా హాజరై వేలిముద్ర వేయవలసిందిగా కోరడమైనది.

ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివారు. గొంతులో కోపం లేదు.

"ఇంత మర్యాదగా కాయితం రాసి ఆమెను పిలిచినోళ్ళు బతికుండగా ఒక్కళ్ళు లేరు పట్టాభీ. ఏం రాద్దాం వీళ్ళకి?"

చనిపోయిందని రాస్తే నూట పద్నాలుగో పేజీ కూలిపోతుంది. వస్తుందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆఫీసు కాగితం మీద నేను అబద్ధం రాయను. లేచి హాల్లోకి వెళ్ళి, గోడ ముందు నిలబడి ఆవిడను కాసేపు చూశాను. తిరిగొచ్చి ముసాయిదా రాశాను.

"పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, శ్రీమతి రాజ్యలక్ష్మి గారు ఇరవై రెండేళ్ళ నీటి సరఫరా అనంతరము ప్రస్తుతము కూర్చొని ఉన్నందున, లేచి రాలేరు."

సార్ దాన్ని శ్రద్ధగా చదివారు. "ఉన్నందున" కొట్టేసి "ఉన్న కారణముచేత" అని దిద్ది, సంతకం పెట్టారు.